ఇంట్లో మిగిలే మనిషి కోసం వీలునామా

(కావలిలో పెన్షనర్లు, రైతు కుటుంబాల వారు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక సివిల్ న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసి ఇస్తున్నాము.)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్న అమ్మలకు ప్రత్యేకంగా నమస్కారం, ఎందుకంటే నేను ఈ రోజు చెప్పబోయేదంతా చాలావరకు మీ గురించే. వీలునామా రాయించడానికి వచ్చే పెద్దమనిషి సాధారణంగా పిల్లల వాటాలతో మొదలుపెడతాడు. కింది ఇల్లు పెద్దవాడికి, మేడమీద ఇల్లు చిన్నవాడికి, రోడ్డు పక్కన ఉన్న ఇరవై అంకణాల స్థలం అమ్మాయికి, అల్లూరు వైపున్న రొయ్యల గుంటలు ముగ్గురికీ సమానంగా అని వరసగా చెప్పుకుంటూ పోతాడు. అంతా విన్న తరువాత నేను అడిగేది ఒకటే. అయ్యా, మీ తదనంతరం అమ్మ ఎక్కడ ఉంటుంది? దేనితో బతుకుతుంది? అప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి, పిల్లలు చూసుకుంటారు కదండీ అంటాడు.

చూసుకుంటారు. చాలామంది పిల్లలు చూసుకుంటారు, వారిని అనుమానించమని నేను చెప్పడం లేదు. కాని పిల్లలు చూసుకోవడం వేరు, ఆమెకంటూ ఒక హక్కు ఉండడం వేరు. తన భర్త కట్టించిన ఇంట్లో కూర్చుని, నాయనా, ఈ ఇల్లు నాదా నా కొడుకుదా అని ఒక తల్లి నన్ను అడిగినప్పుడు, ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వవలసిన మనిషి అప్పటికే లేడు. ఆయన రాసిన కాగితమే జవాబు చెప్పాలి. ఆ కాగితంలో ఆమె పేరు ఎక్కడుంది, ఎంత గట్టిగా ఉంది అన్నదే ఈ రోజు నా మాట.

ముందుగా, ఏమీ రాయకుండా పోతే ఏమవుతుందో చూద్దాం. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం వీలునామా లేకుండా మరణించిన మగవాడి స్వార్జితం అతని కొడుకులకు, కూతుళ్లకు, భార్యకు, తల్లికి సమాన వాటాలుగా వెళుతుంది. తల్లికి అన్న మాట గమనించండి. తండ్రి ఆ మొదటి వరసలో లేడు. పెళ్లయిన కొడుకు చిన్న వయసులో పోతే అతని ఆస్తిలో తల్లికి కోడలితో సమానంగా వాటా వస్తుంది, తండ్రికి మాత్రం రాదు. ఈ సంగతి ఈ హాల్లో ఎంతమందికి తెలుసు? చేతులు ఎత్తండి. చూశారా, నాలుగైదు చేతులకు మించి లేవలేదు.

ఇక మన ఇంటి పెద్దావిడ సంగతి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్న ఇంట్లో ఆమెకు వచ్చేది నాలుగో వంతు. పావు వంతు ఇంట్లో ఆమె ఉండవచ్చు కదా అంటారేమో. ఉండవచ్చు, కాని మిగిలిన ముగ్గురిలో ఏ ఒక్కరైనా భాగపరిష్కారం, అంటే ఆస్తి పంపకం, కోసం దావా వేయవచ్చు. ఇల్లు ముక్కలు చేయడానికి వీలులేనిదైతే అమ్మి డబ్బు పంచవలసి వస్తుంది. పావు వంతు డబ్బు చేతికి వస్తుంది, తల దాచుకున్న గూడు పోతుంది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ఆ డబ్బు తీసుకుని ఎక్కడికి వెళ్లాలి?

పిత్రార్జితం విషయం కూడా ఇక్కడే చెబుతాను. ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకు మాత్రమే మీరు వీలునామా రాయగలరు, మొత్తం రాయలేరు. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశమంతటా ఆ హక్కు 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. తండ్రి ఆ తేదీ నాటికి బతికి ఉండకపోయినా కూతురి హక్కు నిలుస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక తాత నుంచి వచ్చిన పొలాన్ని స్వార్జితమని వీలునామాలో రాసినంత మాత్రాన అది స్వార్జితం కాదు. ఆ ఒక్క తప్పు వాక్యం మిగిలిన వీలునామాను కూడా కోర్టు మెట్లు ఎక్కిస్తుంది. రాయించే ముందు పాత దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), అడంగల్, 1బి అనే రెవెన్యూ రికార్డులు దగ్గర పెట్టుకుని, ఏది ఎలా సంక్రమించిందో సర్వే నంబర్ల వారీగా విడదీసుకోండి.

ఇప్పుడు మన ప్రాంతంలో ఎక్కువగా జరుగుతున్న పని ఒకటి చెప్పాలి. వీలునామా ఎందుకు, ఇప్పుడే రిజిస్టర్ చేసి ఇచ్చేస్తే పిల్లలకు తరువాత తగాదా ఉండదు కదా అని చాలామంది గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసేస్తున్నారు. వీలునామాకూ దీనికీ ఉన్న తేడా దయచేసి మనసులో పెట్టుకోండి. వీలునామా మీ మరణం తరువాత అమలులోకి వస్తుంది, బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. సెటిల్‌మెంట్ మీరు సంతకం చేసి రిజిస్టర్ అయిన రోజే హక్కును దాటిస్తుంది. రేపు మీ మనసు మారినా, పరిస్థితి మారినా దాన్ని మీ అంతట మీరు వెనక్కు తీసుకోలేరు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఒకటి 2007లో వచ్చింది. అందులో 23వ సెక్షన్ ప్రకారం, తమను పోషించాలన్న షరతుతో ఆస్తి ఇచ్చినప్పుడు పిల్లలు ఆ షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. మన దగ్గర ఆర్డీవో గారే ఆ ట్రిబ్యునల్ అధికారి. కాని షరతు ఉన్నట్టు చూపించాలి కదా? షరతు లేకుండా ఇచ్చిన దానికి ఈ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తరువాత 2025 జనవరిలో మరో కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం గనుక విశాలంగా అర్థం చేసుకోవాలని చెబుతూ ఆస్తి స్వాధీనాన్ని తల్లికి తిరిగి ఇప్పించింది. తీర్పు ఎటు వస్తుందోనని ఎదురుచూసే పరిస్థితి మీకు ఎందుకు? ఇవ్వాలనే అనుకుంటే దస్తావేజులోనే రాయించండి. మా ఇద్దరి తిండి, వైద్యం, నివాసం చూడాలని, మా ఇద్దరిలో చివరిదాకా జీవించిన వారి కాలమంతా ఈ ఇంటి అనుభవం మాదేనని, షరతు తప్పితే ఈ దస్తావేజు చెల్లదని స్పష్టంగా రాయించండి. లేఖరి గారు పాత నమూనా చూసి రాసుకుపోతుంటే ఆపి అడగండి. ఆ దస్తావేజు మీది.

మన నెల్లూరు కోర్టులో మొదలై దేశానికంతటికీ దారి చూపిన కేసు ఒకటి ఉంది. తులసమ్మ, శేషారెడ్డి కేసు అంటారు. తులసమ్మ గారి భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో ఉండగానే మరణించారు. ఆమె మనోవర్తి (పోషణ ఖర్చు) కోసం భర్తకు సవతి సోదరుడైన శేషారెడ్డి గారి మీద 1944లో నెల్లూరు జిల్లా మునసబు కోర్టుకు వెళ్లారు, అది కూడా కోర్టు ఫీజు కట్టుకోలేని మనిషిగా. డిక్రీ వచ్చింది. అమలు దశలో 1949లో రాజీ కుదిరింది. కొన్ని ఆస్తులు ఆమె బతికినంతకాలం అనుభవించవచ్చు, అమ్మే హక్కు మాత్రం లేదు అన్నది ఆ రాజీ. తరువాత 1956 చట్టం వచ్చింది. ఆమె 1960, 61 సంవత్సరాల్లో కొంత ఆస్తిని కౌలుకిచ్చారు, కొంత అమ్మారు. నీకు ఆ హక్కు లేదని దావా పడింది. ఆ దావా నెల్లూరు నుంచి హైకోర్టు మీదుగా ఢిల్లీ చేరి, 1977లో తీర్పు వచ్చేదాకా సాగింది. ఏమని తీర్పు? హిందూ స్త్రీకి మనోవర్తి హక్కు కాగితం వల్ల కొత్తగా పుట్టేది కాదు, అది ముందునుంచీ ఉన్నది, ఆ హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి మీద కాగితంలో ఎన్ని ఆంక్షలు రాసినా ఆ 1956 చట్టం 14వ సెక్షన్ కింద ఆమెకు సంపూర్ణ హక్కు వస్తుంది అని.

మరి మనం వీలునామాలో రాసే ‘నా భార్య యావజ్జీవం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులు సర్వహక్కులతో అనుభవించవలెను’ అన్న వాక్యం సంగతేమిటి? ఈ వాక్యం మన జిల్లాలో ఎన్ని వేల వీలునామాల్లో ఉందో లెక్కలేదు. అదే 14వ సెక్షన్‌లో రెండో భాగం ఒకటుంది. వీలునామా ద్వారానో దానం ద్వారానో పరిమితమైన హక్కునే ఇచ్చినప్పుడు ఆ పరిమితి నిలుస్తుందని అది చెబుతుంది. భర్త రాసిన ఇలాంటి వీలునామాల మీద 2006లో ఒక రకంగా, 2015లో మరో రకంగా సుప్రీంకోర్టు తీర్పులే ఉన్నాయి. 2015 నాటి కేసు మన ఆంధ్రదేశం నుంచి వెళ్లినదే, అందులో భార్యకు సంపూర్ణ హక్కు వచ్చిందన్నారు. ఈ భేదాన్ని తేల్చడానికి 2024 డిసెంబరులో విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించారు. అంటే ఏమిటి? ఆ ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే మీ భార్యకూ మీ కొడుకులకూ మధ్య ఒక దావా రాసి పెట్టినట్టే.

నా సలహా సూటిగా చెబుతాను. ఉంటున్న ఇంటిని భార్యకు సంపూర్ణ హక్కులతో రాయండి. దానితోపాటు నెలకు కొంత ఆదాయం వచ్చే ఆస్తి ఒకటి, కొంత రొక్కం కూడా ఆమె పేరనే రాయండి. ఇలా చెప్పినప్పుడల్లా, ఆమె అంతా కూతురికి ఇచ్చేస్తే ఎలా అని అడుగుతారు. ఇస్తే ఇవ్వనివ్వండి. మీతో కలిసి ఆ ఇల్లు నిలబెట్టిన మనిషికి దాన్ని ఎవరికివ్వాలో నిర్ణయించుకునే అర్హత లేదా? ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని వారు ఉండవచ్చు. యావజ్జీవిత హక్కు మాత్రమే ఇవ్వాలని నిశ్చయించుకున్న వారు కనీసం వివరాలైనా పూర్తిగా రాయండి. అద్దె ఎవరు తీసుకోవాలి, రొయ్యల గుంటల లీజు ఆమె సంతకంతో ఇవ్వాలా, పొదలకూరు నిమ్మతోట ఫలసాయం ఎవరిది, ఇంటి పన్ను ఎవరు కట్టాలి, వైద్యానికి పెద్ద మొత్తం కావలసి వస్తే ఆమె అమ్మవచ్చా, ఆమె ఉండగా కొడుకులు తమ శేషహక్కును, అంటే ఆమె తదనంతరం తమకు రావలసిన హక్కును, తాకట్టు పెట్టవచ్చా. ఇవన్నీ వీలునామాలో ఉండాలి.

అమ్మలూ, ఇప్పుడు మీకు. మీరు కూడా వీలునామా రాయాలి. ఆడవాళ్లకు వీలునామా ఏమిటి అనవద్దు. పుట్టింటివారు ఇచ్చిన స్థలం, మీ ఉద్యోగంలో దాచిన డబ్బు, మీ బంగారం అన్నీ మీవి. పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే ఆమె స్వార్జితం భర్తకు, భర్త లేకపోతే భర్త వారసులకు వెళుతుంది, కన్నతల్లికి కాదు. పెళ్లయిన కొద్ది నెలలకే భర్త పోయి, అత్తింటివారు వెళ్లగొడితే పుట్టింట్లో చదువుకుని ఉద్యోగం చేసి సంపాదించిన ఒక స్త్రీ కేసులో 2009లో సుప్రీంకోర్టు ముందు నిలిచిన ప్రశ్న ఇదే. చట్టం అలా ఉంది గనుక, సానుభూతితో తీర్పు ఇవ్వలేమని చెప్పి, ఆమె ఆస్తిని భర్త తరఫు వారికే ఇచ్చారు. ఆమె ఒక కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించి ఉంటే ఆ ఆస్తి ఆమె తల్లికి చేరేది.

కాగితం అన్నాను గనుక, అది ఎలా ఉండాలో చెబుతాను. స్టాంపు పేపరు అక్కరలేదు, తెల్లకాగితం చాలు. మీ సంతకం గాని వేలిముద్ర గాని ఉండాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆ ఇద్దరిలో ప్రతి ఒక్కరూ మీరు సంతకం చేయడం కళ్లారా చూడాలి, లేదా ఇది నా సంతకమే అని మీరు వారితో చెప్పాలి, ఆ తరువాత వారు మీ ఎదుటే సంతకం చేయాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ కోరేది ఇదే. ఇంట్లో సంతకం చేసిన కాగితాన్ని బజారుకు పంపి సాక్షి సంతకం తెప్పించుకోవడం కుదరదు. రేపు కోర్టులో రుజువు చేయవలసి వస్తే ఆ సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పాలి గనుక, మీకన్నా చిన్నవారిని, ఊళ్లో దొరికేవారిని పెట్టుకోండి. వీలునామాలో లాభం పొందేవారిని, వారి భార్యాభర్తలను సాక్షులుగా పెట్టవద్దు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్టర్ అయినంత మాత్రాన తిరుగు ఉండదన్న నమ్మకమూ సరి కాదు. రిజిస్టరైన పాత వీలునామా మీద రిజిస్టర్ కాని కొత్త వీలునామా సరిగ్గా రుజువైతే కొత్తదే నిలుస్తుంది. అయినా రిజిస్టర్ చేయించమనే చెబుతాను, ఎందుకంటే అసలు పోయినా నకలు దొరుకుతుంది. మీరు బతికుండగా ఆ నకలు మీకు, మీ అధికార పత్రం ఉన్న ఏజెంటుకు తప్ప ఇతరులకు ఇవ్వరు. మంచం మీద ఉన్నవారి కోసం సరైన కారణం చూపితే సబ్ రిజిస్ట్రారు ఇంటికి కూడా వస్తారు. కాని మంచం పట్టేదాకా ఆగకండి. వణికిన సంతకం, ఆసుపత్రి మంచం, వీలునామా రాయించిందే లాభం పొందిన కొడుకు కావడం, కారణం చెప్పకుండా ఒక బిడ్డను వదిలేయడం, ఇవన్నీ కోర్టు దృష్టిలో అనుమానాస్పద పరిస్థితులు. వాటిని తొలగించే బరువు వీలునామా తెచ్చినవారి మీదే ఉంటుందని 1958లోనే సుప్రీంకోర్టు స్థిరపరిచింది. ఒకరికి తక్కువ ఇస్తే ఎందుకు ఇచ్చారో ఒక వాక్యం రాయండి. అమ్మాయి పెళ్లికి ఫలానా స్థలం ఇచ్చామనో, పెద్దవాడి చదువుకు పొలం అమ్మామనో రాస్తే చాలు.

నామినీ గురించి తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. బ్యాంకులో నామినీగా పేరు ఉన్నంత మాత్రాన ఆ డబ్బు నామినీది కాదు. బ్యాంకు వారి దగ్గర తీసుకునే అధికారం మాత్రమే నామినీది, తీసుకున్న తరువాత వారసులకో వీలునామాలో పేరున్న వారికో చెందుతుంది. షేర్ల విషయంలోనూ 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే వారికే చెందే ఏర్పాటు ఉంది. మీ నామినీల జాబితా ఒకవైపు, మీ వీలునామా మరోవైపు లాగకుండా రెండూ పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

ఇక ట్రస్టు. ట్రస్టు అంటే కోటీశ్వరుల వ్యవహారమని, గుడికో బడికో రాసేదని అనుకుంటాము. కుటుంబం కోసం పెట్టుకునే ప్రైవేటు ట్రస్టుకు 1882 నుంచే చట్టం ఉంది. ఒక ఆస్తిని నమ్మకస్థుల చేతిలో పెట్టి, దాని ఫలితం ఫలానా మనిషికి చేరాలని కట్టడి చేయడమే ట్రస్టు. స్థిరాస్తి మీద అయితే రిజిస్టరు దస్తావేజు ద్వారా గాని, వీలునామా ద్వారా గాని పెట్టాలి. ఎవరికి అవసరం? మానసిక వైకల్యం ఉన్న బిడ్డ ఇంట్లో ఉన్న తల్లిదండ్రులకు అవసరం. ఈ సభలో అలాంటి వారు ఉన్నారని నాకు తెలుసు. మీరు ఇద్దరూ పోయిన తరువాత ఆ బిడ్డ ఎలా అన్న దిగులుతో, అన్నదమ్ములు చూస్తారని ఆస్తంతా వారికే రాసేస్తారు. ఆ బిడ్డకు ఏ హక్కూ మిగలదు. లేదా ఆ బిడ్డ పేరనే రాస్తారు, సంతకం విలువ తెలియని మనిషి పేరున ఆస్తి ఉంటే దాన్ని ఎవరు కాపాడతారు?

ఈ రెండింటికీ మధ్య దారి ట్రస్టు. ఇంటి అద్దె, డిపాజిట్ల వడ్డీ ట్రస్టుకు వస్తాయి, ఆ డబ్బు ఆ బిడ్డ తిండికి, మందులకు, చూసుకునే మనిషి జీతానికి ఖర్చు కావాలని రాస్తారు. ట్రస్టీలుగా ఒక్కరిని కాదు, కనీసం ఇద్దరిని పెట్టండి. ఒకరు రక్తసంబంధీకులు, ఇంకొకరు బయటివారు అయితే మేలు. వారిలో ఒకరు తప్పుకుంటే తరువాత ఎవరు అన్నది కూడా రాయండి. ట్రస్టీ లెక్కలు రాయాలి, ట్రస్టు ఆస్తిని సొంత లాభానికి వాడుకోకూడదు, దస్తావేజులో రాస్తే తప్ప జీతం తీసుకోకూడదు, ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి. బిడ్డ కాలం తరువాత మిగిలింది ఎవరికి వెళ్లాలో కూడా చెప్పండి, చూసుకున్న తోబుట్టువుల పిల్లలకు రాస్తే అందరికీ సమ్మతంగా ఉంటుంది. ఇంకొక మాట. బిడ్డకు పద్దెనిమిది నిండగానే తల్లిదండ్రుల సంరక్షక హక్కు చట్టప్రకారం ఆగిపోతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు గారి ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. ఆ దరఖాస్తు మీరు ఉండగానే పెట్టుకోండి.

మైనరు మనవళ్లకు పొలం రాసేవారికి కూడా ఇదే చెబుతాను. మైనరు స్థిరాస్తిని అమ్మాలంటే తల్లిదండ్రులైనా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. చదువు ఖర్చు మీ ఉద్దేశమైతే వీలునామాలోనే ఒక చిన్న ట్రస్టు పెట్టడం సులువు.

క్రైస్తవ, ముస్లిం సోదరులకు నియమాలు కొన్ని వేరు. క్రైస్తవుల్లో వీలునామా రాసిన తరువాత పెళ్లి చేసుకుంటే ఆ వీలునామా రద్దవుతుంది, సాక్షికి రాసిన ఆస్తి చెల్లదు. ముస్లింలు అప్పులు, మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇవ్వవలసిన సొమ్ము) పోగా మిగిలిన దానిలో మూడో వంతుకు మించి వారసుల సమ్మతి లేకుండా రాయలేరు. వివరాలు విడిగా మాట్లాడుకుందాం.

చివరిగా, వీలునామా ఎక్కడ పెట్టాలి? బ్యాంకు లాకరులో పెట్టి, ఆ లాకరు మీ ఒక్కరి పేరున ఉంచుకోవద్దు, దాన్ని తెరవడానికే మీ వాళ్లు తిరగవలసి వస్తుంది. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర జమ చేసే పద్ధతి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. కవరు మీద మీ పేరు, లోపల ఉన్నది వీలునామా అన్న మాట ఉంటే చాలు, లోపల ఏముందో ఎవరూ చూడరు. మనసు మారితే మీరు వెనక్కు తీసుకోవచ్చు. మీ తదనంతరం దరఖాస్తు పెట్టుకున్న వారి సమక్షంలో తెరిచి, పుస్తకంలో నకలు ఎక్కించి, అసలును మళ్లీ అక్కడే భద్రపరుస్తారు. హిందువులకు మన జిల్లాలోని ఆస్తికి ప్రొబేటు, అంటే వీలునామాకు కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, ఎన్నడూ తప్పనిసరి కాలేదు. మద్రాసు నగర పరిధిలోని ఆస్తికి మాత్రం చాలాకాలం ఆ నియమం ఉండేది, కాబట్టి చెన్నైలో ఇల్లు ఉన్నవారు అక్కడి న్యాయవాదితో కూడా ఒకసారి మాట్లాడుకోండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు. ఇంటి విషయాలు పదిమందిలో చెప్పడం ఇష్టం లేనివారు, దస్తావేజుల జిరాక్సులు తెచ్చుకుని ఉంటే, సభ అయిన తరువాత ఆ పక్కగదిలో కూర్చుందాం.